చెప్పాల్సింది మాకు కాదు, మా తమ్ముడికి

సంపాదకులు గారికి నమస్కారం.

పోయిన వారం కర్నూలు జిల్లా పేజీలో దివ్యాంగుల అవగాహన సదస్సు బాగా జరిగిందని ఫొటోతో వేశారు. నేనూ మా తమ్ముడూ ఆ సదస్సుకు వెళ్ళాం. నాలుగు రోజులు ఊరుకున్నాను గానీ ఇక రాయకుండా ఉండలేకపోతున్నాను.

సభ పెట్టింది పై అంతస్తులో. వీల్‌చైర్‌లో వచ్చిన ఇద్దరిని కుర్చీలతో సహా ఎత్తుకొని మెట్లెక్కించారు. శాలువాలు, దండలు అయ్యాక మిగిలిన కాసేపట్లో మాట్లాడినవాళ్ళంతా వెంట వచ్చిన మా వైపే చూసి "మీ పిల్లల్ని జాగ్రత్తగా చూసుకోండమ్మా" అన్నారు. పిల్లలెవరు సార్? మా తమ్ముడికి 34 ఏళ్ళు. బుద్ధిమాంద్యం ఉంది, మాట నిదానం, కానీ ఓపిగ్గా చెబితే పట్టుకుంటాడు. ఎవరైనా కొడితే ఏం చేయాలి, పింఛను డబ్బులు లాక్కుంటే ఎవరికి చెప్పాలి, దారి తప్పితే ఎవరిని అడగాలి అని దివ్యాంగుల ముఖం చూసి చెప్పినవారు ఒక్కరూ లేరు.

పోయిన ఎండాకాలం మా తమ్ముడు రాజ్ విహార్ దగ్గర షేర్ ఆటో దిగాల్సింది బళ్లారి చౌరస్తా దాకా వెళ్ళిపోయాడు. ఎవరో పుణ్యాత్ములు పోలీస్ స్టేషన్‌లో అప్పజెప్పారు. టెన్షన్‌తో పరుగెత్తుకెళ్తే "ఇట్లాంటోళ్ళను బయటికి ఎందుకు పంపిస్తారమ్మా" అని నన్నే తిట్టారు. జేబులో డబ్బులు లేవు. "నీలం చొక్కా ఆయన తీసుకున్నాడు" అని వాడు రాత్రి దాకా చెబుతూనే ఉన్నాడు, ఎవరూ రాసుకోలేదు.

ఆ తర్వాత మేమే నేర్పాం. పనిచేయని పాత ఫోన్ చేతికిచ్చి 112 నొక్కించి, అవతల పోలీసులా నేనే మాట్లాడేదాన్ని. మొదట్లో పేరు చెప్పి ఆగిపోయేవాడు, తొమ్మిదో రోజుకు మా వీధి పేరు, పక్కనున్న గుడి పేరు కూడా చెప్పాడు. డిగ్రీ కూడా లేని నేను నేర్పగలిగింది ఇంత పెద్ద శాఖ నేర్పలేదా?

2016 వికలాంగుల హక్కుల చట్టంలో ఇవన్నీ ఉన్నాయి. పోలీసులకు, పంచాయతీ సభ్యులకు ఇచ్చే శిక్షణలో వికలాంగుల హక్కులు తప్పనిసరిగా ఉండాలని 47వ సెక్షన్ చెబుతోంది. ఆ శిక్షణ నిజంగా జరిగి ఉంటే మాకు స్టేషన్‌లో ఆ మాట పడేది కాదు. ఇక 8వ సెక్షన్ ప్రకారం జిల్లా విపత్తు నిర్వహణ సంస్థ వికలాంగుల వివరాలు రాసిపెట్టుకొని, ప్రమాదం ఉంటే వాళ్ళకు తెలిసేలా చెప్పాలి. వేరే ఊళ్ళ సంగతి ఏమోగానీ కర్నూలులో ఈ మాట తేలిగ్గా తీసుకునేది కాదు. 2009 అక్టోబరులో వరద నీళ్ళొచ్చినప్పుడు మేం పాతబస్తీలో ఉన్నాం. అప్పుడు పద్దెనిమిదేళ్ళ మా తమ్ముడు కిటికీ ఊచలు పట్టుకొని వదల్లేదు, ముగ్గురు కలిసి వేళ్ళు ఒక్కొక్కటీ విడదీసి లాక్కురావాల్సి వచ్చింది. ఇల్లు వదిలి ఎందుకు పోవాలో వాడికి అంతకుముందు ఎవరూ చెప్పలేదు, మేమూ చెప్పలేదు. ఆ తర్వాతైనా ఒక్క అధికారి మా గడపలోకి వచ్చి, మళ్ళీ వరదొస్తే ఇతన్ని ఎట్లా తీసుకెళ్తారని అడగలేదు. సదరం సర్టిఫికెట్ కోసం ఆస్పత్రుల చుట్టూ తిప్పి వైకల్యం శాతం లెక్కగట్టిన కాగితాలన్నీ ప్రభుత్వం దగ్గరే ఉన్నాయి. 2024 ఎన్నికల్లో 40 శాతం, ఆపైన వైకల్యం ఉన్నవాళ్ళు కోరితే ఇంటికే వచ్చి ఓటు వేయించుకున్నారు. ఓటు కోసం రాగలిగినవాళ్ళు ప్రాణం కోసం రాలేరా?

కలెక్టర్ గారికి నాదొకటే విన్నపం. ఈసారి సదస్సు కింది అంతస్తులో పెట్టండి. శాలువాల డబ్బుతో పెద్ద బొమ్మలున్న కాగితాలు అచ్చు వేయించండి, స్టేషన్ నుంచి ఒక కానిస్టేబుల్‌ను పిలిపించి దివ్యాంగులతో ముఖాముఖి మాట్లాడించండి. మైకు కాసేపు వాళ్ళకూ ఇవ్వండి. నీలం చొక్కా ఆయన సంగతి మా తమ్ముడు ఇప్పటికీ చెబుతాడు.

– ఒక అక్క, కర్నూలు