పది రోజుల మందులు, ఒక నిమిషం వైద్యం: జిల్లా వైద్యాధికారి (డీఎంహెచ్‌ఓ) గారికి బహిరంగ లేఖ

అయ్యా, నమస్కారం.

మా అమ్మకు బీపీ, షుగర్. మొన్న మండలంలోని ప్రాథమిక ఆరోగ్య కేంద్రం (పీహెచ్‌సీ)లో రెండున్నర గంటలు లైన్లో కూర్చుంటే డాక్టర్ గారు మాట్లాడింది ఒక్క నిమిషం. బీపీ చూడలేదు, మిషన్‌లో సెల్స్ అయిపోయాయట. పాత చీటీలోని మందులే మళ్లీ రాశారు, అవీ పది రోజులకే ఇచ్చారు. మళ్లీ రావాలంటే ఆటోకు రానూపోనూ 120 రూపాయలు. "అందుకే రోజు విడిచి రోజు వేసుకుంటున్నా" అని దారిలో అమ్మ మెల్లగా చెప్పింది. నాకు టెన్షన్ పట్టుకుంది.

డాక్టర్ గారిని తప్పుపట్టను. మైదాన ప్రాంతాల్లో 30 వేల మందికి ఒక పీహెచ్‌సీ అన్నది లెక్క. ఆ రోజు బయట కూర్చున్నవాళ్లను చూస్తే ఆయన మీద జాలే వేసింది. కానీ బీపీ చూడటానికి డాక్టరే అక్కర్లేదు కదా! లైన్లో ఉండగానే నర్సమ్మ బీపీ, షుగర్ చూసి చీటీ మీద రాస్తే, ఆ ఒక్క నిమిషమూ మాటలకు మిగులుతుంది.

మందుల సంగతీ కొత్తగా అడిగేది కాదు. 2017లో మొదలైన హైపర్‌టెన్షన్ కంట్రోల్ కార్యక్రమంలో తొలి ఐదు రాష్ట్రాల్లో మన తెలంగాణ ఒకటి. బీపీ పేషెంట్లకు కనీసం 30 రోజుల మందులు ఒకేసారి ఇవ్వాలన్నది అందులోని మాటే. స్టాక్ లేకపోతే ఆ ముక్క గోడ మీద రాసి పెట్టించండి, ఆటో ఖర్చయినా మిగులుతుంది.

వచ్చే వారం అమ్మను మళ్లీ తీసుకొస్తున్నాను. అప్పటికి ఆ బీపీ మిషన్‌లో కొత్త సెల్స్ వేయించగలరా?

ఇట్లు,
ఒక పేషెంట్ కొడుకు