రక్తస్రావ వ్యాధుల అవగాహన కార్యక్రమం: జమా ఖర్చుల వివరణ

దాతలందరికీ నమస్కారం. ఏప్రిల్ 17, ప్రపంచ హీమోఫీలియా (నెత్తురు సరిగా గడ్డకట్టని జబ్బు) దినం సందర్భంగా విజయనగరం చుట్టుపక్కల ఊళ్లలో చేసిన కార్యక్రమాల లెక్క ఇది. గ్రూపులో "లెక్కలేవీ?" అని నిలదీస్తున్నవారికి కూడా నమస్కారాలే.

జమ: రశీదు పుస్తకాల మీద 41,600. మందుల షాపుల వారు 12,000. గంటస్తంభం దగ్గర ఎండలో హుండీ పట్టిన కాలేజీ పిల్లలు 6,250. మొత్తం రూ.59,850.

ఖర్చు: కరపత్రాలు 5,200. ఫ్లెక్సీలు 3,600. ఆటో, మైకు 4,500. టీ, టిఫిన్లు 3,850. డాక్టరుగారు పెట్రోలు డబ్బులు కూడా పుచ్చుకోలేదు, శాలువా 350. వ్యాను 7,000. తప్పెట వాయిస్తూ ఆడిపాడే తప్పెటగుళ్ల బృందానికి ఆరు ఊళ్లకు 24,000.

గొడవంతా ఈ ఆఖరి పద్దు మీదే. "గెంతులకి 24 వేలా? ఇంజెక్షన్లు కొనొచ్చుగా" అన్నారు. కొనేవాళ్లమే. కానీ ఆ ఇంజెక్షన్లతో ఒంట్లోకి ఎక్కించిన ఫ్యాక్టర్ 8, అంటే నెత్తురు గడ్డకట్టడానికి కావాల్సిన పదార్థం, సుమారు 12 గంటల్లో సగానికి పడిపోతుంది. ఈ డబ్బుకి వచ్చేవి ఎన్నాళ్లకి సరిపోతాయి? వాటిని 2 నుంచి 8 డిగ్రీల చల్లదనంలో ఎవరింట్లో దాచాలి? అసలు ఈ జబ్బుతో కీలులో నెత్తురు కారి మోకాలు వాచిన పిల్లాడికి వాతమని నాటు నూనెతో మర్దనా చేస్తున్నారు, నొప్పి తగ్గాలని కండకి సూది పొడిపిస్తున్నారు. రెండూ ప్రమాదమే. ఈ మాట కరపత్రంలో వేశాం. చాలావరకు పకోడీ పొట్లాలయ్యాయి.

గుండెల మీద తప్పెట కట్టుకుని వాళ్లు అడుగు వేస్తే మాత్రం ఊరు ఊరంతా వచ్చింది. మనవడి జబ్బుకి కోడల్ని "నీ పుట్టింటి దోషం" అని తిట్టే అత్త వేషానికి ఆడవాళ్లు నవ్వారు. మూడింట ఒక వంతు మందికి ఇంట్లో అంతకుముందు ఈ జబ్బే ఉండదని పాటలో చెప్పేసరికి నవ్వులు ఆగాయి. ఆట అయ్యాక ఒకావిడ వచ్చి, "మావోడికి పన్ను పీకిస్తే రెండ్రోజులు నెత్తురు ఆగలేదు బాబూ, ఇదేనేటి?" అని అడిగింది. పిల్లాణ్ణి పరీక్షకి పంపించాం.

లెక్క ఆలస్యానికి కారణం కూడా చెప్పాలి. బృందం పెద్ద పని కోసం వలస వెళ్లాడు. ఓచరు మీద ఆయన వేలిముద్ర పడనిదే లెక్క మూయకూడదని ఆగాం. మొన్ననే వచ్చి వేశాడు.

మొత్తం ఖర్చు రూ.48,500. నిల్వ రూ.11,350, బ్యాంకులో ఉంది.

మైకులో 15,000 ప్రకటించి, దండ కూడా వేయించుకున్న పెద్దమనిషి ఫోన్ ఎత్తడం లేదు. అందుకే జమలో ఆ మొత్తం రాయలేదు. ఓచర్లు కోశాధికారి దగ్గర ఉన్నాయి, ఎవరైనా చూసుకోవచ్చు.