గవిలో మట్టి కూడా రికార్డే, మంత్రిగారూ

రాష్ట్ర గనులు, భూగర్భ శాఖ మంత్రివర్యులకు నమస్కారాలతో రాస్తున్న బహిరంగ లేఖ.

అయ్యా,

మా అర్జీ పరిష్కారమైపోయిందని ఫోన్‌కి మెసేజ్ వచ్చింది. ఏం పరిష్కరించారో చూద్దామని కార్యాలయానికి వెళ్తే ఒక కాగితం చేతిలో పెట్టారు. "సదరు గుహను పరిశీలించగా విలువైన వస్తువులేవీ లభ్యం కాలేదు, కావున అర్జీ ముగించడమైనది." కింద సంతకం, స్టాంపు అన్నీ పద్ధతిగా ఉన్నాయి. ఆ మాట రాసినాయన గవి లోపలికి దిగలేదని, రోడ్డు మీద జీపులోనే కూర్చున్నాడని గొర్రెల కాపరి చెప్పాడు. ఆ సంగతి వదిలేద్దాం.

విలువైన వస్తువులు పోయాయని మేం అర్జీ పెట్టలేదు సార్. మట్టి పోయిందని పెట్టాం. బేతంచెర్ల చుట్టుపక్కల సున్నపురాయి గుట్టల్లో ఉన్న ఒక చిన్న గవిలో గుప్తనిధుల వాళ్లు నడుం లోతు గొయ్యి తవ్వారు. ఆ గవి పేరు ఇక్కడ రాయను. రాస్తే రేపు పొద్దున్నే ఇంకో జట్టు పారలు, గడ్డపారలతో దిగుతుంది. పేరు, దారి, ఫొటోలు అన్నీ మీ ఫైల్లో ఉన్నాయి, ఫైలు ఉంటే.

గొయ్యి పక్కన ఏముందో నేను చూశాను. కోసిన నిమ్మకాయలు, పసుపు, నీళ్ల సీసాలు, వాటి వెనక తోడిపోసిన మట్టికుప్ప. ఆ కుప్పలో ఒక పెద్ద జంతువు దవడపన్ను గడ్డపార దెబ్బకు రెండుగా పగిలి, పగిలినచోట తెల్లగా మెరుస్తోంది. దాని పక్కనే చిటికెన వేలి గోరంత ఎలుక దవడ, పళ్లన్నీ వరసగా ఉన్నాయి. ఏ పొరలోంచి వచ్చాయి ఇవి? గవి నేలమీద కట్టిన సున్నపు పెచ్చు పైనుంచా, కిందనుంచా? ఇంక ఎవరూ చెప్పలేరు. అంతా కలిపి తోడేశారు. పొర తెలియని ఎముక సర్వే నంబరు లేని పాస్‌బుక్ లాంటిది. భూమి ఉందంటుంది, ఎక్కడుందో చెప్పదు. దాంతో మీ ఆఫీసులోనైనా ఏం పని జరుగుతుంది చెప్పండి?

మీ శాఖలో భూగర్భ శాస్త్రం చదివినవాళ్లకు ఇది కొత్త విషయం కాదు. కానీ మా అర్జీ వాళ్ల దాకా వెళ్లినట్టు లేదు కాబట్టి మళ్లీ చెప్పక తప్పడం లేదు.

గవిలో నీటి చుక్కలు బాగా పడే కాలంలో నేలమీద సున్నపు పెచ్చు కడుతుంది. చుక్కలు ఆగిపోయిన కాలంలో దుమ్ము, పైనుంచి రాలిన రాయి పేరుకుంటాయి. అంటే గోడ వారన నిలువుగా కోసి చూస్తే తడి కాలం, ఎండు కాలం ఒకదాని మీద ఒకటి కనిపిస్తాయి. ఆ పొరల మధ్య ఉన్న ఎముకలు అప్పుడు బయట ఏ మేత ఉండేదో చెబుతాయి. ముఖ్యంగా పళ్లు. జొన్న, సజ్జ వంటి ఎండను తట్టుకునే గడ్డి జాతులు గాలిలోంచి కార్బన్‌ను తీసుకునే తీరు వేరు, చెట్ల ఆకులూ వరీ తీసుకునే తీరు వేరు. ఆ తేడా మేసిన జంతువు పంటి పింగాణీలోకి ఎక్కుతుంది. లక్షల ఏళ్లయినా చెరగదు. తాగిన నీటి జాడ ఆ పంటిలోని ఆక్సిజన్‌లో ఉంటుంది. హిమాలయాల దిగువనున్న శివాలిక్ కొండల్లో దొరికిన పళ్లనూ పాత మట్టినీ ఇలాగే పరీక్షించి, సుమారు 80 లక్షల ఏళ్ల కిందట మొదలుపెట్టి అక్కడ అడవి తగ్గి గడ్డినేలలు పెరిగాయని తేల్చారు. అక్కడే హిప్పారియన్ అనే మూడు గిట్టల గుర్రం పన్ను కనపడితే చాలు, ఆ పొర సుమారు 1 కోటి 7 లక్షల ఏళ్ల కంటే పాతది కాదని చెప్పేస్తారు. పొర పంటికి వయసిస్తుంది, పన్ను పొరకు వయసిస్తుంది. ఒకదాన్ని చెడగొడితే రెండూ పోతాయి.

పెద్ద జంతువుల కంటే ఎలుకలే ఎక్కువ చెబుతాయని చెబితే మీ కింది అధికారి ఒకాయన నవ్వాడు. ఎందుకు నవ్వాలి? గుడ్లగూబ గవి అరుగు మీద కూర్చుని, తిన్న ఎలుకల బొమికలను ఉండలుగా కక్కుతుంది. అది వేటాడేది చుట్టుపక్కలే. కాబట్టి ఆ బొమికలు ఆ గుట్ట చుట్టూ ఉన్న నేల సంగతే చెబుతాయి. పొడి ఇసుకలో బొరియ వేసే ఎలుక వేరు, తడి గట్ల మీద బతికేది వేరు, పొదల్లో తిరిగేది వేరు. కింది పొరలో ఒకటి ఎక్కువుండి పై పొరలో ఇంకొకటి పెరిగితే మధ్యలో వాన తగ్గిందో పెరిగిందో తెలుస్తుంది. మట్టిని బస్తాల్లో తెచ్చి, నీళ్లలో నానబెట్టి, సన్న జల్లెడలో కడిగి, ఆరబెట్టి, భూతద్దం కింద కుంచెతో ఒక్కో పన్నూ ఏరాలి. వెన్నునొప్పి పుట్టించే పని. అది చేసే పిల్లలు మన యూనివర్సిటీల్లో ఉన్నారు. వాళ్లకు కావలసింది కలిసిపోని మట్టి.

పక్క రాష్ట్రంలో వికారాబాద్ దగ్గర నస్కల్‌లో జరిగింది ఇదే. రెండు లావా పొరల మధ్య చిక్కుకున్న మట్టిని కడిగి జల్లిస్తే చిన్న చిన్న పళ్లు దొరికాయి. శిలాజ శాస్త్రవేత్తలు ప్రసాద్, సాహ్ని 1988లో ప్రకటించే దాకా భారతదేశంలో డైనోసార్ల చివరి రోజుల నాటి క్షీరదం ఒక్కటి కూడా తెలియదు. దానికి డెక్కనోలెస్టిస్ అని పేరు పెట్టారు. ఆ పళ్లు ఎవరి జేబులోనో తిరిగి తిరిగి బయటపడి ఉంటే చుంచెలుక పళ్లని పారేసేవాళ్లు. పైనా కిందా లావా ఉండబట్టే వాటి వయసు 6 కోట్ల 60 లక్షల ఏళ్ల చుట్టూ అని తెలిసింది.

మన గుట్టల సంగతికి వద్దాం. మన బేతంచెర్ల దగ్గరి బిల్లసర్గం గవుల్లో ఎముకలున్నాయని 1844లోనే న్యూబోల్డ్ అనే బ్రిటిష్ సైనికాధికారి రాశాడు. ఆ తర్వాత హక్స్‌లీ అనే శాస్త్రవేత్త ఆ గవులను తవ్వించమని మద్రాసు గవర్నర్ గ్రాంట్ డఫ్‌కు సూచించాడు. గవర్నర్ పట్టించుకున్నాడు. 1880లలో రాబర్ట్ బ్రూస్ ఫూట్ అనే భూగర్భ శాస్త్రవేత్త వచ్చి తవ్వాడు, ఆయన కొడుకు హెన్రీ కొనసాగించాడు. 1886లో లిడెక్కర్ అనే శిలాజ శాస్త్రవేత్త ఆ ఎముకలను వర్ణిస్తూ ఒక ఖడ్గమృగానికి రైనోసెరాస్ కర్నూలియెన్సిస్ అని మన కర్నూలు పేరే పెట్టాడు. ఇప్పుడు ఖడ్గమృగం కావాలంటే కాజీరంగా వెళ్లాలి. పరాయి దొరల పాలనలో ఎక్కడో లండన్‌లో ఉన్నాయన అడిగితే పని జరిగింది. మన ప్రభుత్వంలో, మన ఊళ్లో ఉన్నవాళ్లం, మన భాషలో అడుగుతున్నాం. మాకు రసీదు నంబరు ఇచ్చారు.

1970లలో మన పురావస్తు శాస్త్రవేత్త ఎం.ఎల్.కె. మూర్తి గారు ముచ్చట్ల చింతమాను గవిలో తవ్వి ఎముకతో చేసిన పనిముట్లు బయటపెట్టారు. 2014లో బిల్లసర్గం పొరలను మళ్లీ పరిశీలించినవాళ్లు చెప్పింది ఇంకా ముఖ్యం. దాదాపు 2 లక్షల ఏళ్ల పొరల్లో వాళ్లు గుర్తించిన క్షీరదాల్లో ఒక్కటి తప్ప అన్నీ ఈ ఉపఖండంలో నేటికీ బతికే ఉన్నాయి. ఆ ఒక్కటీ గెలాడా జాతి కోతి, గడ్డి తినేది. దాని చుట్టాలు ఇప్పుడు ఇథియోపియా ఎత్తు గడ్డినేలల్లో మాత్రమే ఉన్నాయి. హిమయుగాలు వచ్చిపోయాయి, 74 వేల ఏళ్ల కిందట సుమత్రాలో టోబా అగ్నిపర్వతం పేలి మన బనగానపల్లె దగ్గరి జ్వాలాపురం దాకా బూడిద పడింది, వానలు మారాయి. అమెరికాలో, ఆస్ట్రేలియాలో పెద్ద జంతువులు వరసపెట్టి అంతరించాయి. ఇక్కడ మాత్రం ఎక్కువ భాగం తట్టుకున్నాయి. ఎలా తట్టుకున్నాయి? ప్రభుత్వమే తరచూ కరవు మండలాలు ప్రకటించే ఈ సీమలో ఆ ప్రశ్నకు విలువ లేదంటారా? సమాధానం ఆ మట్టిలోనే ఉంది. జ్వాలాపురం బూడిదను కూడా శుభ్రం చేసే పొడుల తయారీకి తవ్వి తరలించారు. మిగిలినది చూసి శాస్త్రవేత్తలు పని కానిచ్చుకున్నారు. ప్రతిసారీ మిగిలినదాంతోనే సరిపెట్టుకోవాలా?

ఎవరిని అడగాలో కూడా మాకు అర్థం కావడం లేదు. పురావస్తువుల వాళ్ల దగ్గరికి వెళ్తే మనిషి చేసిన వస్తువైతేనే తమదన్నారు. గనుల వాళ్ల దగ్గరికి వెళ్తే అక్కడ లీజు లేదు కాబట్టి తమ పరిధి కాదన్నారు. లీజు ఇస్తే మీ పరిధిలోకి వస్తుందన్నమాట, అప్పుడు గవి ఉండదు. పోలీసులు నిధి దొరికిందా అని అడిగారు, లేదంటే కేసు దేని మీద కట్టమన్నారు. శిలాజాల కోసం ప్రత్యేకంగా ఒక చట్టం లేకపోవడం వల్లే ఈ తిప్పలని మీకు తెలుసు. 2022 డిసెంబరులో కేంద్రం భూవారసత్వ స్థలాల ముసాయిదా బిల్లు పెట్టి అభిప్రాయాలు అడిగింది. మేమూ పంపాం. కేంద్రానికి మీరొక ఉత్తరమైనా రాశారా? రాస్తే ఆ కాపీ మాకు చూపించండి. రాయకపోతే ఇప్పుడైనా రాయండి.

నాపరాయి క్వారీల మీద మాకు కోపం లేదు. ఆ బండల మీదే మా ఊళ్లు బతుకుతున్నాయి, మా ఇంటి నేల కూడా అదే. లీజు ఇచ్చే ముందు ఆ గుట్టలో గవి ఉందా, గవిలో మట్టి ఉందా అని జియాలజిస్టు ఒకసారి దిగి చూడాలని మాత్రమే అడుగుతున్నాం. అది కూడా ఎక్కువ అడిగినట్టా?

ఇంకో భయం ఉంది. మీరు స్పందిస్తే ఏం చేస్తారోనని. బెలుం గుహలకి లైట్లు, బాటలు పెట్టారు, జనం వస్తున్నారు, మంచిదే. ఎముకల మట్టి ఉన్న గవికి దయచేసి ఆ భాగ్యం వద్దు. సిమెంటు బాట వేయడానికి తవ్వే ఒక్క అడుగులో ఎన్ని వేల ఏళ్లు పోతాయో ఏ కాంట్రాక్టరూ లెక్క కట్టడు. ద్వారానికి ఇనుప గేటు, ఒక తాళం, ఒక వాచ్‌మన్. ఆ మట్టికుప్పను అలాగే బస్తాలకెత్తి యూనివర్సిటీకి అప్పగించడం. గొయ్యి గోడలను గీసి, ఫొటోలు తీసి, మిగిలిన పొరలనైనా నమోదు చేయడం. రంగు దీపాలకయ్యే ఖర్చులో దీనికి ఎంతవుతుంది?

ఇదంతా తర్వాత చేసినా సరే, ఒక్క పని మాత్రం వెంటనే కావాలి. వానాకాలం వచ్చేస్తోంది. ఆ గవిలోకి గుట్ట మీది నీళ్లు దిగుతాయి. తెరిచి వదిలేసిన గొయ్యిలోకి నీళ్లు దిగితే గోడలు కూలి, చెడకుండా మిగిలిన పొరలు కూడా బురదలో కలిసిపోతాయి. గోడలకు టార్పాలిన్ కప్పి ఇసుక బస్తాలు పేర్చాలి, అంతే. బస్తాలు మేమే కొనుక్కుంటాం, మనుషులం మేమే వస్తాం, పైసా అడగం. అనుమతి కాగితం ఒక్కటి ఇప్పించండి. అది లేకుండా గవిలో అడుగు పెడితే మా మీద కేసు పెడతామని మీ వాళ్లే చెప్పారు.

ఇట్లు,
బేతంచెర్ల ప్రాంతానికి చెందిన ఒక రిటైర్డ్ జియాలజీ లెక్చరర్