హోల్‌స్టర్‌లో దొరికిన కాగితం

పిట్స్‌బర్గ్
ఆదివారం రాత్రి

చిట్టితల్లీ,

మొన్న ఫోన్‌లో అన్నావు కదా, "పక్కింటి బామ్మ ఇచ్చిన కాగితాన్ని ఫ్రేమ్ కట్టించి ఇస్తాను నాన్నా, దాంతో పాటు ఇచ్చిన పిస్టల్ మాత్రం ఎవరికైనా అమ్మెయ్" అని. ప్రేమతోనే అన్నావని తెలుసు. కానీ ఆ రెండింటినీ విడదీస్తావేమోనని అప్పటి నుంచీ టెన్షన్‌గా ఉంది. ఫోన్‌లో సరిగ్గా చెప్పలేకపోయాను, అందుకే రాస్తున్నాను.

ఆ కాగితాన్ని నువ్వు ఎప్పుడూ పూర్తిగా చదవలేదు. 1945 మే 28 నాటి అమెరికా వార్ డిపార్ట్‌మెంట్ (యుద్ధ శాఖ) సర్క్యులర్ 155 ప్రకారం, కింద రాసిన శత్రు సామగ్రిని ఈ సైనికుడు తన సొంతానికి ఉంచుకోవచ్చు అని ఉంటుంది అందులో. ఐరోపాలో రెండో ప్రపంచ యుద్ధం ముగిసి అప్పటికి మూడు వారాలే. దాని కింద బామ్మ భర్త పేరు, ఆయన సర్వీస్ నంబరు, యూనిట్, ఒక అధికారి సంతకం. మధ్యలో టైపు చేసిన ఒకే ఒక్క వరుస: పి.38 పిస్టల్ ఒకటి, దాని నంబరు.

ఆ నంబరు చివర ఒక చిన్న అక్షరం ఉంది చూడు, ప్రాణమంతా అందులోనే ఉంది. ఆ పిస్టల్ తయారుచేసిన జర్మన్ కంపెనీ వాల్థర్ వాళ్లు పది వేల దాకా లెక్కపెట్టి, మళ్లీ ఒకటి నుంచి మొదలుపెట్టి, నంబరు పక్కన ఒక అక్షరం చేర్చేవాళ్లు. అంటే ఒకే ఏడాదిలో అవే నాలుగు అంకెలున్న పిస్టళ్లు చాలా ఉంటాయి. హడావుడిలో టైపు చేసే గుమాస్తాలు ఎన్నో కాగితాల్లో ఆ అక్షరం వదిలేశారు. మన కాగితంలో వదల్లేదు. పిస్టల్ చట్రం (ఫ్రేము), దాని మీద వెనక్కీ ముందుకీ కదిలే స్లైడు, గొట్టం (బ్యారెల్) మూడింటి మీదా అదే నంబరు, అదే అక్షరం. పిస్టల్‌ను అమ్మేస్తే ఆ కాగితం దేని గురించో ఎవరికీ తెలియదు. కాగితం లేకపోతే ఆ పిస్టల్ వాల్థర్ 1944లో చేసిందని తెలిపే 'ఏసీ 44' ముద్ర ఉన్న వేలల్లో ఒకటి, అంతే.

నువ్వు హైస్కూల్లో ఉన్నప్పుడు ఒక గన్ షోలో నేనొక లూగర్ అనే జర్మన్ పిస్టల్ కొన్నాను. జర్మన్ అధికారి స్వయంగా లొంగిపోతూ ఇచ్చాడని అమ్మినతను కథ చెప్పాడు, కాగితం కూడా చూపించాడు. ఇంటికొచ్చి అల్ట్రావయొలెట్ లైట్ కింద పెడితే ఆ కాగితం నీలంగా మెరిసింది. తెల్లదనం కోసం కాగితంలో కలిపే ఆ రసాయనాలు యుద్ధం తర్వాత వచ్చినవి. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. డబ్బు పోయినందుకు కాదు, ఎవరో సైనికుడి పేరుతో అబద్ధం టైపు చేశారే అని.

అందుకే మన పిస్టల్‌కు నేను ఏ కథా అల్లలేదు, నువ్వూ అల్లొద్దు. ఇలాంటి పిస్టళ్లను జర్మన్ ఊళ్లలో జనం చేత అప్పగింపజేసిన ఆయుధాల కుప్పల్లోంచి తీసుకున్న సైనికులున్నారు. 1945 ఏప్రిల్‌లో అమెరికన్ సైన్యం వాల్థర్ ఫ్యాక్టరీ ఉన్న త్సెల్లా-మేలిస్ ఊళ్లోకి వెళ్లినప్పుడు అక్కడ నుంచే తెచ్చుకున్నవాళ్లున్నారు. అది ఎలా దొరికిందో బామ్మ భర్త ఆవిడకేమీ చెప్పలేదు.

అది మనుషుల్ని చంపడానికి చేసిన వస్తువే, ఆ మాట నిజం. వాల్థర్ కంపెనీ నాజీల నాయెన్‌గామె నిర్బంధ శిబిరంలో ఖైదీల చేత పని చేయించింది కూడా. అందుకే దాన్ని ఎప్పుడూ గోడకు తగిలించలేదు, పార్టీలకు వచ్చినవాళ్లకు చూపించలేదు. కానీ పారేస్తే, ఆ కాలం గురించి సాక్ష్యం చెప్పేది ఒకటి తగ్గుతుంది.

మీ ముత్తాత బర్మా యుద్ధానికి వెళ్లాడంటారు. సైన్యం నుంచి ఆయన డిశ్చార్జ్ అయిన కాగితం భీమవరంలో మా ఇంటి ట్రంకుపెట్టెలో ఉండేదట. చెదలు తినేశాయి. ఏ యూనిట్, ఎక్కడ పనిచేశాడు, ఎప్పుడు తిరిగొచ్చాడు, చెప్పగలిగేవాళ్లు ఒక్కరూ లేరు. బామ్మ ఆ పిస్టల్ పెట్టుకునే తోలు ఒర, అదే హోల్‌స్టర్, లోపలి నుంచి నాలుగు మడతల కాగితం తీసి నా చేతిలో పెట్టినప్పుడు నాకు మా తాతయ్యే గుర్తొచ్చాడు.

కొన్ని జాగ్రత్తలు. పిస్టల్‌ను హోల్‌స్టర్‌లో పెట్టి ఉంచకు, తోలులోని ఆమ్లాలు ఉక్కును తినేస్తాయి. కాగితాన్ని ఎండ తగిలే గోడకు వేలాడదీయకు, పాలిస్టర్ కవర్‌లో పడుకోబెట్టు. పాలిష్ చేయిస్తానని ఎవరైనా అంటే వద్దని చెప్పు. చేతిలోకి తీసుకున్న ప్రతిసారీ మ్యాగజైన్ (తూటాలు పెట్టే డబ్బా) తీసేసి, స్లైడ్ వెనక్కి లాగి, ఛాంబర్ (పేలే ముందు తూటా ఉండే చోటు) ఖాళీగా ఉందో లేదో కళ్లతో చూడు. మ్యాగజైన్ తీసినంత మాత్రాన ఖాళీ అయినట్టు కాదు. నేను బతికుండగా నీకు ఇవ్వాలంటే నువ్వుండే టెక్సాస్‌లో లైసెన్స్ ఉన్న ఆయుధాల డీలర్ ద్వారానే రావాలి, వీలునామాలో రాస్తే నేరుగా నీకు చెందుతుంది. రాసేశాను.

ఇంకొక్క మాట. బామ్మకు ఒహాయోలో మనవడున్నాడు. అప్పట్లో చిన్నవాడు, ఇవేమీ పట్టించుకునే వయసు కాదు. ఏదో ఒక రోజు తాతయ్య గురించి అడుగుతాడు. అడిగితే వాళ్ల ఊళ్లోని డీలర్ పేరు కనుక్కొని పిస్టల్, హోల్‌స్టర్, కాగితం మూడూ కలిపి పంపు. డబ్బు తీసుకోకు. అతని అడ్రస్ పాత ఆయుధాలు సేకరించేవాళ్లకిచ్చే నా కలెక్టర్ లైసెన్స్ తాలూకు రిజిస్టర్‌లో, బామ్మ పేరు రాసిన పేజీలోనే ఉంది.

ప్రేమతో,
నాన్న