మా ఊరి ఆశా అక్కకి, పిల్లల డాక్టరు గారికి, రక్తమిచ్చిన తమ్ముళ్ళకి కృతజ్ఞతలు

అందరికీ నమస్కారం. లివర్ నుంచి పైత్యరసం వచ్చే నాళాలు మూసుకుపోయిన మా బాబుకి ఆపరేషన్ అయింది, ఇంటికి వచ్చేశాం. కళ్ళలో పచ్చదనం తగ్గుతోంది, దొడ్డికి పసుపు రంగులో వెళ్తున్నాడు. ఈ ఒక్క మాట రాయగలుగుతున్నందుకు నాకెంత సంతోషంగా ఉందో చెప్పలేను.

అందరికంటే ముందు మా పుట్టింటి ఊరి ఆశా అక్కకి. ఆసుపత్రిలో కాన్పయిన బిడ్డల్ని 3, 7, 14, 21, 28, 42వ రోజుల్లో ఆశాలు ఇంటికొచ్చి చూడాలి. 28వ రోజున వచ్చిన అక్క బరువు తూచి, రాసుకుని వెళ్ళిపోలేదు. బాబు కళ్ళు చూసి "ఇంకా పచ్చగానే ఉన్నాయేంటి అమ్మాయ్, దొడ్డికి ఏ రంగులో వెళ్తున్నాడు?" అని అడిగి, ఉతకడానికి పక్కన పెట్టిన గుడ్డల్ని తనే తీసి వెలుతురులోకి పట్టుకెళ్ళి చూసింది. దొడ్డి సున్నంలా తెల్లగా ఉంది, ఉచ్చ పోసిన గుడ్డ మీద మాత్రం ముదురు పసుపు మరక. పాలు తాగే బిడ్డకి దొడ్డి పసుపుగానో ఆకుపచ్చగానో ఉండాలి, ఉచ్చకి రంగే ఉండకూడదు, ఇది రెండూ తిరగబడ్డాయి, రేపటి దాకా ఆగొద్దు అని మమ్మల్ని అప్పటికప్పుడు బయల్దేరదీసింది.

అంతకుముందు ఒకచోట చూపిస్తే పుట్టుకామెర్లే, పొద్దుటెండలో పెట్టండి పోతాయి అన్నారు. బాబు పాలు బాగా తాగుతున్నాడు, బరువూ పెరుగుతున్నాడు, ఇంక ఎవరికి అనుమానం వస్తుంది? పసరు పోయిద్దాం అన్నవాళ్ళూ ఉన్నారు, మా అమ్మ గట్టిగా నిలబడి ఆపింది. అమ్మా, నీకు కూడా.

పిల్లల డాక్టరు గారు ఆ సాయంత్రమే రక్తపరీక్ష చేయించారు. కామెర్లు తెప్పించే పసుపు పదార్థం, అదే బిలిరుబిన్, మొత్తం ఎంతో ఒక్కటే చూస్తే చాలదమ్మా, అందులో లివర్ మార్చి పైత్యరసంలోకి పంపే భాగం, అంటే డైరెక్ట్, ఎంతో చూడాలి అని చీటీ వెనక బొమ్మ గీసి మరీ చెప్పారు. మామూలు పుట్టుకామెర్లలో పెరిగేది ఇన్‌డైరెక్ట్, అంటే లివర్ ఇంకా మార్చని భాగం, లైటు కింద పెడితే తగ్గేది అదే. డైరెక్ట్ పెరిగిందంటే లివర్‌లో తయారైన పైత్యరసం పేగులోకి దిగట్లేదని అనుమానించాలట, దానికి ఎండా లైటూ ఏమీ చేయలేవు. మా వాడికి పెరిగింది అదే. పెద్దాసుపత్రిలో ఖాళీ కడుపుతో స్కాన్ తీస్తే పిత్తాశయం సరిగా కనపడలేదు, చివరికి ఆపరేషన్ టేబుల్ మీద రంగు మందు ఎక్కించి ఎక్స్‌రే తీసి ఖాయం చేశారు: బైలరీ ఎట్రీషియా, అంటే పైత్యనాళాలు మూసుకుపోవడం. దీనికి చేసే ఆపరేషన్‌ని 1950ల్లో జపాన్ సర్జన్ మోరియో కసాయ్ మొదలుపెట్టారు, అందుకే కసాయ్ ఆపరేషన్ అంటారు. పాడైన నాళాలు తీసేసి పేగునే నేరుగా లివర్‌కి కలుపుతారు. 60 రోజుల లోపు చేస్తే ఫలితం బాగుంటుంది, ఆలస్యమయ్యే కొద్దీ లివర్ గట్టిపడిపోతుంది. మా వాడికి ఆ లోపే అయింది.

సర్జన్ గారికి ప్రత్యేకంగా దండం. ముందు ముందు లివర్ మార్పిడి అవసరం పడొచ్చు అన్న సంగతి ఆయన దాచలేదు, అలాగని మమ్మల్ని భయపెట్టనూ లేదు. జ్వరం వచ్చినా, దొడ్డి మళ్ళీ తెల్లబడినా వెంటనే తీసుకురమ్మన్నారు. పాలు పట్టకూడదన్న ఆ రాత్రి వాడు ఏడుస్తుంటే డ్యూటీ మధ్యలో వచ్చి ఎత్తుకున్న సిస్టర్‌కి, మా పేరు కూడా తెలియకుండా వచ్చి రక్తమిచ్చిన కాలేజీ తమ్ముళ్ళకి, ఎప్పటికీ రుణపడి ఉంటాం.

ఇంట్లో పసిబిడ్డ ఉన్నవాళ్ళు దయచేసి గుర్తుపెట్టుకోండి, రెండు వారాలు దాటినా కామెర్లు పోకపోతే డైరెక్ట్ బిలిరుబిన్ పరీక్ష మీరే అడిగి చేయించండి. దొడ్డి తెల్లగానో, మట్టి రంగులోనో, వెలిసిపోయినట్టో ఉంటే అన్ని రోజులు కూడా ఆగొద్దు. ఫోన్‌లో ఫొటో తీసి డాక్టరుకి చూపించండి, సిగ్గుపడేదేం లేదు. తైవాన్‌లో 2004 నుంచి దేశమంతటా తల్లులకి దొడ్డి రంగులు పోల్చి చూసుకునే కార్డు ఇస్తున్నారు. అలాంటిది మన దగ్గర కూడా ప్రతి బాలింత చేతిలో ఉండాలని నా కోరిక.

అక్క ఇవన్నీ చూడదు, మా ఊరివాళ్ళు ఎవరైనా చదివితే ఆమెకి వినిపించండి. ఇలాంటి పరిస్థితిలో ఉన్నవాళ్ళు ఏ పరీక్షలు, ఏ విభాగానికి వెళ్ళాలి అని అడగాలనుకుంటే మెసేజ్ పెట్టండి, బాబు పడుకున్నాక జవాబిస్తాను.