గూటి అడ్రసు అచ్చు వేయకండి

సంపాదకుడు గారికి,

నమస్కారం. పోయిన ఆదివారం మీ పాఠకుల ఫొటోల పేజీలో డేగ గూడు చూశాను. తెల్లటి నూగుతో రెండు పిల్లలు, వాటి పక్కనే తల్లి. ఫొటోకి వంక పెట్టను. నా ఇబ్బంది దాని కింది వాక్యంతోనే. ఏ వీధి, ఏ చెట్టు, ఎటువైపు నిలబడితే గూడు కనిపిస్తుందో అన్నీ రాసేశారు. అది చదివాక ఫోను పట్టుకుని వెళ్ళనివాళ్ళు ఎందరు ఉంటారు?

మనం గూడు దగ్గరికి వెళితే పక్షి వెంటనే ఎగిరిపోదు. మొదట బిగుసుకుని మనవైపే చూస్తుంది, తర్వాత అరుస్తుంది, చివరికి లేస్తుంది. నూగు మీదున్న పిల్లలు తమ ఒంటి వేడిని తామే నిలుపుకోలేవు. తల్లి లేని కాసేపు చలికి ఎంత ప్రమాదమో మధ్యాహ్నపు ఎండకూ అంతే. ఈలోగా కాకులు ఊరుకోవు. రెక్కలు సగం వచ్చిన పిల్లలైతే బెదిరి, ఎగరడం రాకుండానే గూట్లోంచి దూకేస్తాయి. పెద్ద గద్దలు చాలావరకు ఏడాదికి ఒక్కసారే, ఒకటి రెండు గుడ్లు పెడతాయి. ఆ కాన్పు పాడైతే ఆ ఏడాది పోయినట్టే. ఇక డేగ పిల్లల్ని ఎత్తుకెళ్ళి అమ్మేవాళ్ళు చాలా దేశాల్లో ఉన్నారు. మీ పత్రికను వాళ్ళు మాత్రం చదవరా?

నలుగురికీ తెలిస్తేనే గూటికి కాపలా దొరుకుతుందని వాదించే మిత్రులున్నారు. అందులో కొంత నిజముంది. స్కాట్లాండ్‌లోని లోక్ గార్టెన్ దగ్గర 1958లో గుడ్లు సేకరించే ఒకడు రాత్రిపూట చెట్టెక్కి, ఆస్ప్రే అనే చేపల గద్ద గూటిని దోచాడు. మరుసటి ఏడాది అక్కడి పక్షి సంరక్షణ సంఘం గూటి సంగతి దాచకుండా జనాన్నే చూడ్డానికి పిలిచింది. వేలమంది వచ్చారు, పిల్లలూ క్షేమంగా ఎగిరాయి. కానీ అక్కడ రాత్రీ పగలూ కాపలా ఉంది, జనం దూరంగా కట్టిన గదిలోంచి చూశారు. మన చెట్టు కింద ఎవరున్నారు? పైగా అదే బ్రిటన్‌లో 1981 నాటి చట్టం ప్రకారం పెరిగ్రిన్ లాంటి డేగలను గూటి దగ్గర కావాలని కలవరపెట్టడం నేరం. పక్షి కలవరపడేంత దగ్గరగా అలాంటి గూళ్ళ ఫొటోలు తీయాలంటే లైసెన్సు ఉండాలి.

ఇదంతా చెప్పి ఎవరినీ ఈ సరదా నుంచి తప్పించాలని కాదు. నాకూ అదే పిచ్చి. ఇంటి చుట్టుపక్కల గద్దల్ని చూడ్డానికి గూడు అక్కర్లేదు. ఎండ కాస్త ఎక్కి నేల వేడెక్కగానే అవి పైకి లేచే గాలిని పట్టుకుని రెక్క ఆడించకుండా తిరుగుతాయి, అప్పుడు తల ఎత్తితే చాలు. కాకులు ఒక్కసారిగా గోల పెట్టాయంటే అక్కడ డేగో గుడ్లగూబో ఉందేమో చూడాలి. తోక చివర చీలినట్టుంటే నల్ల గద్ద, రెక్కలు కొసదేరి ఉంటే ఫాల్కన్ అనే డేగల జాతి. వేట మీదికి దూకేటప్పుడు గంటకు 300 కిలోమీటర్ల వేగం దాటే పెరిగ్రిన్ కూడా పావురాల కోసం ఊళ్ళోని ఎత్తయిన భవనాల మీద వాలుతుంది. ఆకాశం వెనకాల ఉంటే పక్షి నల్లటి మచ్చలా పడుతుంది కాబట్టి ఎక్స్‌పోజర్, అంటే కెమెరా తీసుకునే వెలుగు, ఒక స్టాప్ (రెట్టింపు) పెంచాలి, షటర్ వేగం సెకనులో 1/2000 వంతు దగ్గర పెట్టుకోవాలి. మనిషిని చూసి ఎగిరిపోయే పక్షి ఆగి ఉన్న కారుని చాలాసార్లు పట్టించుకోదు. తినడమో ఈకలు దువ్వుకోవడమో ఆపి మనవైపు చూసిందంటే మాత్రం అప్పటికే ఎక్కువ దగ్గరికి వెళ్ళామన్నమాట, వెనక్కి తగ్గాలి. డ్రోన్ సంగతి చెప్పనే అక్కర్లేదు. పక్షి దాని మీద దాడికి దిగి రెక్కలు విరగ్గొట్టుకునే ప్రమాదం ఉంది.

మిమ్మల్ని అడిగేది పెద్ద పనేం కాదు. గూటి ఫొటోలు వస్తే పిల్లలు ఎగిరిపోయేదాకా ఆగండి. ఆ తర్వాత కూడా వీధి పేరు వద్దు, చాలా పక్షులు మళ్ళీ ఏడాది అదే చోటికి వస్తాయి. చూసిన పక్షుల్ని, జీవుల్ని జనం నమోదు చేసే ఈబర్డ్, ఐనేచురలిస్ట్ లాంటి ఆన్‌లైన్ వేదికలు ప్రమాదంలో ఉన్న జాతుల కచ్చితమైన చోటు బయటికి కనిపించకుండా దాచేస్తాయి, మీరూ చేయొచ్చు. ఫోన్లో తీసిన ఫొటో ఫైల్లోనే జీపీఎస్ వివరం ఉండొచ్చు, వెబ్‌సైట్లో పెట్టేముందు దాన్ని తీసేయాలి. ఎంత దూరం నుంచి తీశారు, ఎర పెట్టారా, రికార్డు చేసిన కూత వినిపించారా అని పంపినవారిని అడగండి. ఎలుకను కట్టేసి తీసిన "వేట" ఫొటోలకు బహుమతి ఇవ్వడం నాకైతే మింగుడుపడదు.

ఆదివారం నాటి ఫొటో మీ వెబ్‌సైట్లో ఇంకా ఉంది, కింద ఆ అడ్రసుతో సహా. పిల్లలింకా గూట్లోనే ఉంటాయి. ఆ ఒక్క వాక్యం ఈరోజే తీయించగలరా?

ఇట్లు,
మీ పాఠకురాలు