తప్పిపోయిన కప్ప సంగతి

తల్లిదండ్రులకు నమస్కారం.

వార్షికోత్సవం నాటకానికి వేషాలు పంచిన రోజు నుంచి నా ఫోను మోగుతూనే ఉంది. "మా వాడికి రెండే మాటలున్నాయండీ", "మా పాపది నిలబడి తల ఊపే వేషమట కదా మేడమ్" అని పొద్దున గేటు దగ్గర కూడా ఇదే మాట. మీ బాధ నాకు తెలుసు. పిల్లాడు స్టేజీ మీద ఓ మూల నిలబడితే, వీడియో తీద్దామని సెల్‌ఫోను ఎత్తిన చేతికి అది ఏ మూలో వెతుక్కోవడమే సరిపోతుంది. అయినా వేషాలు మార్చడం లేదు. ఎందుకో చెప్పాలంటే మిమ్మల్ని ఆరో తరగతి లైబ్రరీ పీరియడ్‌కి తీసుకెళ్ళాలి.

ఆ పిల్లలు జూన్ నుంచి హ్యారీ పోటర్ మొదటి పుస్తకం చదువుతున్నారు. మంత్రాలు నేర్పే బడిలో హ్యారీ, అతని స్నేహితులు రాన్, హెర్మయొనీల కథ అది. నెవిల్‌ది వాళ్ళ క్లాసులో ఓ చిన్న వేషం. చదివేది ఇంగ్లీషులో, పోట్లాడుకునేది తెలుగులో, కోపం మరీ ఎక్కువైతే తమిళంలో. పోయినవారం వెళ్ళి ఒకటే అడిగాను: "ఈ కథలోంచి నెవిల్‌ని తీసేస్తే ఏమవుతుంది?" "ఏమీ కాదు మేడమ్, వాడు ఊరికే పడిపోతుంటాడంతే" అన్నాడొకడు. క్లాసంతా నవ్వింది. సరే, తీసేసి చూద్దామని చాక్‌పీసు అందుకున్నాను.

రైల్లో నెవిల్ కప్ప తప్పిపోతుంది. దాన్ని వెతుకుతూనే హెర్మయొనీ, హ్యారీ, రాన్ కూర్చున్న చోటికి మొదటిసారి వస్తుంది. చీపురు మీద ఎగరడం నేర్పే క్లాసులో నెవిల్ కిందపడి మణికట్టు విరగ్గొట్టుకుంటాడు. వాళ్ళ నాయనమ్మ పంపిన గాజు గోళీని, వీళ్ళంటే పడని మాల్ఫోయ్ కాజేస్తే, హ్యారీ ఎగిరి దాన్ని పట్టుకుంటాడు. అది మెక్‌గొనగల్ టీచరు కంటపడుతుంది, చీపుర్ల మీద ఎగురుతూ ఆడే ఆట జట్టులో హ్యారీకి చోటు దొరుకుతుంది. మన హీరోగారి ఆట పక్కవాడి విరిగిన మణికట్టుతో మొదలైందన్నమాట. ఆ తర్వాత ఓ రాత్రి, మాల్ఫోయ్ పట్టించబోతున్నాడని స్నేహితులను హెచ్చరించడానికి బయటికొచ్చి నెవిల్ తనే దొరికిపోతాడు. అతని వల్ల వాళ్ళ హౌస్ గ్రిఫిండోర్‌కి 50 పాయింట్లు గోవిందా. చివర్లో వాళ్ళు మళ్ళీ రాత్రిపూట బయల్దేరితే ఈసారి దారికి అడ్డంగా నిలబడతాడు. హెర్మయొనీ మంత్రం వేస్తే కర్రలా బిగుసుకుని పడిపోతాడు.

ఇక లెక్కల టీచరుగా నాకు అన్నిటికన్నా ఇష్టమైన చోటు, చివరి విందు. మాల్ఫోయ్ వాళ్ళ హౌస్ స్లిథరిన్‌కి 472 పాయింట్లు, గ్రిఫిండోర్‌కి 312. హెడ్మాస్టరు డంబుల్‌డోర్ రాన్‌కి 50, హెర్మయొనీకి 50, హ్యారీకి 60 ఇస్తారు. కూడండి. 472! పెద్ద వేషాల వాళ్ళు ముగ్గురూ కలిసి తెచ్చింది సమానం మాత్రమే. అప్పుడు స్నేహితులను ఎదిరించి నిలబడినందుకు నెవిల్‌కి ఓ 10. గ్రిఫిండోర్‌కి హౌస్ కప్పు వచ్చింది ఆ పదితోనే. రచయిత్రి ఈ లెక్క వెనకనుంచి వేసుకుంటూ వచ్చి 312 దగ్గర ఆగి ఉంటుందని నా అనుమానం. నేనైతే అలాగే చేస్తాను.

ఇందాక నవ్వించినవాడు ఊరుకోలేదు. "మరి వాడు పోగొట్టిన 50?" అని లేచాడు. నిజమే, నికరంగా చూస్తే నెవిల్ ఇంకా 40 బాకీ. క్లాసు రెండుగా చీలిపోయింది. బెల్లు కొట్టినా ఎవరూ లేవలేదు. నాకు మాత్రం తర్వాతి పీరియడ్ సారుకి సంజాయిషీ చెప్పుకోవాల్సి వచ్చింది.

ఇంట్లో తాతయ్యలు, అమ్మమ్మలు ఉంటే వాళ్ళకి ఇదంతా కొత్త కాదు. 1951లో మన చెన్నై వడపళని వాహినీ స్టూడియోలో తీసిన పాతాళ భైరవి సినిమా గురించి అడిగి చూడండి. తోటరాముడు ఎన్టీ రామారావు, మాంత్రికుడు ఎస్వీ రంగారావు. వాళ్ళిద్దరి మధ్య రాముడి నేస్తం అంజిగా వేసిన బాలకృష్ణ, ఆ తర్వాత ఎన్ని సినిమాలు చేసినా జనం నోట 'అంజిగాడు' గానే ఉండిపోయారు. మాంత్రికుడి శిష్యుడు సదాజపగా పద్మనాభం. ఆ శిష్యుడే లేకపోతే అంతటి మాంత్రికుడూ తన ఎత్తులన్నీ గుహ గోడలకు చెప్పుకోవాల్సిందే.

రిహార్సల్స్ మంగళ, గురువారాలు, బడి అయ్యాక ఓ గంట. కలెక్టరుగారు వాన సెలవు ప్రకటిస్తే శనివారం పెట్టుకుంటాం. రెండు మాటల వేషమైనా, తల ఊపే వేషమైనా అన్ని రోజులూ రావాలి. తల ఎప్పుడు ఊపాలో తెలియాలంటే మిగతావాళ్ళ మాటలన్నీ వచ్చి ఉండాలి మరి.

ఇంకొక విషయం. మన జానపద నాటకంలో మొదట కప్ప లేదు. ఆ పీరియడ్ అయిన మర్నాడు ఆరో తరగతి వాళ్ళు ఒకదాన్ని రాసి పట్టుకొచ్చారు. దానికి ఒక్క మాట కూడా లేదు, రెండో రంగంలో తప్పిపోవడమే దాని పని. ఆ వేషానికి ఐదుగురు పోటీపడితే చీటీలు వేశాం. ఎవరింట్లోనైనా ఆకుపచ్చ బట్ట రెండు మీటర్లు మిగిలి ఉంటే సోమవారంలోగా ఆఫీసులో ఇవ్వండి. దీనికోసం టీ నగర్ వెళ్ళి కొత్తది కొనొద్దు, పాత చీరైనా పర్వాలేదు.

మీ
ప్రధానోపాధ్యాయురాలు